మా మరిది పాట, మా శనివారం భజన

మా చెల్లెలి భర్త పాటలు రాసి, తనే బాణీ కట్టి, గిటారు వాయిస్తూ పాడే మనిషి. ఈ మాట చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే. “ఇంగ్లీషు పాటలా?” కాదు, ఫ్రెంచి పాటలు. “అయితే ఫ్రాన్సు దేశమా?” కాదు, కెనడా. “కెనడా అంటే ఇంగ్లీషే కదా?” సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నాకు తిక్క రేగుతుంది. మలేషియాలో, కౌలా సెలంగోర్‌ అనే ఊళ్ళో రోడ్డు పక్కన నాదొక చిన్న టిఫిను కొట్టు. పొద్దున్నే పెనం ముందు నిలబడి దోసె తిప్పుతూ, కెనడాలో ఏ మూల ఎవరు ఏ భాష మాట్లాడతారో పాఠం చెప్పే ఓపిక నాకెక్కడిది?

నిజం చెప్పాలంటే ఆ తిక్క అంతా అతని కోసమే కాదు. ఇలాంటి ప్రశ్నలు మాకూ పుట్టినప్పటినుంచీ తగులుతూనే ఉన్నాయి. మా ముత్తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి ఇక్కడి రబ్బరు తోటల్లో కూలికి వచ్చారు. రబ్బరు పోయి పామాయిలు తోటలు వచ్చాయి. తోటలో కూలీలకి వరసగా కట్టిన లైను ఇళ్ళు కూల్చేస్తే మేము ఊళ్ళోకి వచ్చాం. ఇంత జరిగినా చూసినవాళ్ళు మమ్మల్ని తమిళులనే అనుకుంటారు. తెలుగువాళ్ళమని చెప్తే, “ఓహో, అది తమిళంలో ఒక రకమా?” అని అడిగిన మహానుభావులూ ఉన్నారు.

మా చెల్లెలు అప్పట్లో కౌలాలంపూర్‌లో ఒక హోటల్లో రిసెప్షనులో పనిచేసేది. అతను ఏవో పాట కచేరీలకని వచ్చి ఆ హోటల్లోనే దిగాడు. కొన్ని వారాలు పాడి వెళ్ళిపోవలసినవాడు వెళ్ళలేదు. పెళ్ళి మాట కదపడానికి అతన్ని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు, మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టి మా అయ్య ముఖం చూస్తూ కూర్చున్నాం. మా ఇళ్ళలో తండ్రిని అయ్య అంటాం. అమ్మ అప్పటికే లేదు కాబట్టి ఇంటికి సుప్రీంకోర్టు అయ్యే.

అతను తన ఊరి సంగతి ఇంగ్లీషులో చెప్తుంటే మా చెల్లెలు తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. వాళ్ళ నాన్న అడవిలో కొట్టిన దుంగలు మోసే లారీ నడిపేవాడట. సెలవుల్లో ఇతన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళేవాడట. దారి పొడుగునా లారీ రేడియోలో సరిహద్దు అవతల అమెరికా పాటలు వచ్చేవి. రోడ్లు, రైళ్ళు, పొలం పోగొట్టుకున్న రైతులు, వదిలి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు, వీటి మీద పల్లెటూరివాళ్ళు గిటారు మీటుతూ పాడుకునే పాటలు. ఇతనికి అప్పటికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బాణీ మాత్రం పట్టుబడింది. ఇంటికొచ్చి ఆ బాణీలో వాళ్ళ అమ్మ మాట్లాడే మాటలు పెట్టుకుని పాడేవాడట. అలా మొదలైన మనిషి ఇక మానలేదు. సొంత ఊళ్ళో పెద్దవాళ్ళు, అమెరికా వాళ్ళ పాట మన భాషలో ఏమిటని వెక్కిరించారు. పట్నంలో పాటల వ్యాపారం చేసేవాళ్ళు, ఇంగ్లీషులో పాడితే బాగుపడతావన్నారు. ఇతను ఇద్దరి మాటా వినలేదు.

అయ్య అంతా విని మీసం సవరించుకున్నాడు.

“నానూ అదే సేసినాను గదే,” అన్నాడు. “మలాయి రేడియోలో పాట ఇనడం, ఆ రాగంలో రాముడి మాట పెట్టడం. పెద్దోళ్ళు నన్ను తిట్టినారు. తరవాత ఆళ్ళే పాడినారు. ఈడు మనలాటోడే. ఇచ్చేద్దుం లా.”

మాట చివర ‘లా’ తగిలించడం మాకు ఇక్కడి మలాయి నుంచి అంటిన అలవాటు. అలా ఆ కోర్టులో కేసు ఒక్క పూటలో తేలిపోయింది. రామాలయంలోనే పెళ్ళి చేశాం. పెళ్ళికొడుకు పంచె జారిపోతుందని భయపడి పైన తోలు బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ నా కొట్లో గల్లాపెట్టె పైన వేలాడుతోంది. ఎంత బతిమాలినా తియ్యను.

మా రామాలయం గురించి కాస్త చెప్పాలి. తోట అంచున, పామాయిలు చెట్ల పక్కన ఉంటుంది. లైను ఇళ్ళు పోయినా గుడిని కదపనివ్వలేదు. శనివారం సాయంత్రం అక్కడ భజన. మా భజనలో ఒక పద్ధతి ఉంది. ఊరికే వినడానికి ఎవరూ రాకూడదు. ముందు చాప మీద కూర్చున్నవాడు ఒక లైను పాడతాడు, మిగతా అందరూ ఆ లైను తిరిగి పాడాలి. పులిహోర కోసం వచ్చినవాడైనా సరే, ముందు నోరు విప్పాల్సిందే. ఆ చాప అయ్యది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయనదే. లైను పాడి ఆగేవాడు. కుడి చెయ్యి పైకెత్తి ఒక్కొక్కరినీ చూసేవాడు. ఎవరి నోరైనా మూసుకుని ఉన్నట్టు కనిపిస్తే ముందుకి పోయేవాడు కాదు. వాళ్ళనే చూస్తూ అదే లైను మళ్ళీ పాడేవాడు. అంతమందిలో ఆ చూపు తగిలితే రాయికైనా గొంతు పెగలవలసిందే. నేను చిన్నప్పుడు ఆ చూపుకి భయపడి తప్పో ఒప్పో అరిచేదాన్ని. ఇవాళ నాకు వచ్చిన తెలుగులో సగం అలా వచ్చిందే.

అలాంటి అయ్యకి ఒకరోజు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు పక్కకి లాగేసింది. మాట ముద్దముద్దగా వచ్చేది, పాట అసలే రాలేదు.

నేను కొట్టు చూసుకోవాలి. మా ఆయన పామాయిలు గెలల లారీ నడుపుతాడు, ఏ రోజు ఎప్పుడొస్తాడో తెలియదు. అయ్యని లేపడానికి, కూర్చోబెట్టడానికి మనిషి కావాలి. మా చెల్లెలు కౌలాలంపూర్ హోటలు ఉద్యోగం మానేసి వచ్చేసింది. ఇక్కడ ఒక క్లినిక్కులో పని దొరికింది. దానితోపాటు అతనూ వచ్చాడు. మా ఇంటి వెనక పోర్షనులో కాపురం పెట్టారు.

మరిది అంటే ఎలా ఉంటాడో నేను అనుకున్నది వేరు, వచ్చింది వేరు. చెల్లెలు క్లినిక్కుకి వెళ్ళగానే అయ్య పని అంతా అతనిదే. స్నానం చేయించేవాడు, గడ్డం గీసేవాడు, మీసం మాత్రం అయ్య చెప్పిన కొలతలో వదిలేవాడు. సాయంత్రం చక్రాల కుర్చీలో నది ఒడ్డుకి తీసుకెళ్ళి చేపల పడవలు చూపించేవాడు. అతని తెలుగు కూడా అయ్య దగ్గర నేర్చుకున్నదే. ఎప్పుడు నేర్చుకున్నాడు? పక్షవాతం వచ్చిన తరవాత. అందుకని అతని తెలుగు అచ్చం అయ్య తెలుగులాగే ముద్దముద్దగా, నోరు ఒక పక్కనుంచి పలికినట్టు ఉంటుంది. “ఒదినా, ఏటి సేత్తన్నావు?” అని అతను వెనకనుంచి పిలిస్తే అయ్యే లేచి నడిచొచ్చాడేమోనని పెనం దగ్గర ఉలిక్కిపడేదాన్ని. ఇప్పటికీ ఆ యాస పోలేదు. పోకూడదనే నా కోరిక.

ఇంత మంచివాడికి ఇక్కడ లేనిది ఒక్కటే, వినేవాళ్ళు. వచ్చిన కొత్తలో పొద్దున్నే కొట్లో మూల బల్ల దగ్గర కూర్చుని పాడేవాడు. పామాయిలు తోట పనివాళ్ళు, లారీ డ్రైవర్లు, పక్క ఆఫీసు మలాయి గుమాస్తాలు మర్యాదగా తల ఊపేవారు. ఒకాయన మాత్రం తింటున్నంతసేపూ ఏదో పేరున్న ఇంగ్లీషు పాట కావాలని అడిగేవాడు. శని, ఆదివారాల్లో కౌలాలంపూర్ హోటళ్ళకి వెళ్తే అక్కడా అదే వరస. అందరికీ తెలిసిన ఇంగ్లీషు పాటలు పాడు, చాలు. ఒక హోటల్లో తన ఫ్రెంచి పాట ఒకటి మధ్యలో పాడితే, మేనేజరు వచ్చి ఇక ఇది వద్దని నవ్వుతూనే చెప్పాడట. తిట్టినా బాగుండేదని మా చెల్లెలు అంది.

తరవాత హోటళ్ళకి వెళ్ళడం తగ్గింది. కొట్లో పాడటం మానేశాడు. గిటారు పెట్టెలోకి వెళ్ళింది, పెట్టె బీరువా పైకి వెళ్ళింది, కొన్నాళ్ళకి ఆ పెట్టె మీద ఉతికిన దుప్పట్లు చేరాయి. అతను ఒక్క మాట ఎత్తితే ఒట్టు. దోసె తిని, పళ్ళెం తనే కడిగి, అయ్య దగ్గరికి వెళ్ళిపోయేవాడు. కాస్త దూరంలో ఉన్న క్లాంగ్ పట్నంలో ఏదో బడిలో ఫ్రెంచి చెప్పే ఉద్యోగం ఉందంటే ఒప్పుకున్నాడు. మంచిదే. కానీ దానితోపాటు ఇంకో మాట చెప్పాడు. ఆ గిటారు ఊరికే పాడవుతోంది, క్లాంగ్‌లో తెలిసినవాళ్ళ అమ్మాయి నేర్చుకుంటోంది, ఆమెకి ఇచ్చేస్తాను అన్నాడు.

ఆ రోజు మా చెల్లెలు కొట్టు వెనక కూర్చుని కొబ్బరి తురుముతోంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న పిల్ల ఒక్కసారి పీట మీదే కూలబడిపోయింది.

“నాను ఈడికి తీసుకొచ్చి ఆ మనిషి నోరు కట్టేసినాను అప్పా,” అంది. మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం. “ఆళ్ళ ఊళ్ళో ఎంత వెక్కిరించినా మాననోడు. నా ఎనకాల వచ్చి మానేసినాడు. గిటారు ఇంట్లోంచి ఎల్లిపోతే ఇంక పాడడు. ఒకనాడు నన్ను సూసి, దీని వల్లే గదా అనుకోడా?”

“నోటితో అన్నాడా అలాగ?”

“అంటే బాగుణ్ణు లా. అనడు. అదే బాధ.”

 కొబ్బరి చిప్ప లాక్కుని నేను తురమడం మొదలుపెట్టాను. నా చెల్లెల్ని అలా చూడటం నాకు అస్సలు పడదు. అతని మీద కోపం వచ్చింది, హోటలు మేనేజర్ల మీద వచ్చింది, ఇంగ్లీషు పాట అడిగిన ఆ దోసె గిరాకీ మీద మరీ వచ్చింది. మర్నాడు ఆయనకి చట్నీ తక్కువ వేశాను.

ఇక భజన సంగతి. అయ్య పడిపోయాక ఆ చాప మీద కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. పెద్దవాళ్ళకి గొంతు లేదు, కుర్రవాళ్ళకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. చివరికి మా ఆయన ఒక నల్లటి స్పీకరు కొని చాప మీద పెట్టాడు. ఫోనులోంచి భజన పాటలు వస్తే అది పాడుతుంది, మేము తిరిగి పాడాలి. మా ఆయన మృదంగం వాయించేవాడు. కానీ ఆ స్పీకరు మా కోసం ఆగితేనా? మేము మొదటి లైను అందుకునేలోపు అది రెండో లైనుకి పోయేది. రెండోది పట్టుకుంటే మూడోది అయిపోయేది. బస్సు వెనక పరిగెత్తినట్టు రొప్పుకుంటూ పాడేవాళ్ళం. కుర్చీలో కూర్చున్న అయ్య మాత్రం దానికేసి మిర్రిమిర్రి చూసేవాడు.

“ఆగదేటి అది?” అనేవాడు ఆ ముద్ద మాటతో. “పెట్టెకి ఆగడం ఎవులూ నేర్పనేదా?”

మరిది ప్రతి శనివారం అయ్యని కారులో తీసుకొచ్చి, కుర్చీ ముందు వరసలో పెట్టి, తను చివర చెప్పుల దగ్గర కూర్చునేవాడు. తను ఎందుకు నోరు విప్పడని అడిగితే, స్పీకరు చాలా తొందరగా వెళ్తోందని చెప్పేవాడు. మాకే అందనిది అతనికేం అందుతుంది.

ఆ శనివారం బాగా వాన. మర్నాడు క్లాంగ్ వెళ్ళాలని గిటారు ముందే కారు డిక్కీలో పెట్టుకున్నాడు. అది మా చెల్లెలికి తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఆడవాళ్ళ వైపు పక్కపక్కనే కూర్చుని రాముడికేసి చూస్తున్నాం గానీ నా మనసు మాత్రం ఆ డిక్కీలోనే ఉంది. దీపారాధన అయింది. మా ఆయన స్పీకరు నొక్కాడు. అది ఒకసారి కుయ్యిమని, అంతటితో నోరు మూసింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కొట్టాడు. లాభం లేదు. జనం గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. వాన తగ్గితే ఇళ్ళకి పోదామని కొందరు బయటికి చూస్తున్నారు.

అప్పుడు అయ్య ఎడం చెయ్యి ఎత్తి మరిదిని పిలిచాడు.

“నువ్వు పాడు.”

మరిది తను సరిగ్గా విన్నానా అని చూశాడు. అయ్య చాపకేసి వేలు చూపించాడు. స్పీకరు తీసెయ్యమని మా ఆయనకి సైగ చేశాడు. పాటల మనిషి గనక, వాన తగ్గేదాకా జనానికి ఒక పాట వినిపించమంటున్నారని మరిది అనుకున్నాడు. వానలో పరిగెత్తి గిటారు తెచ్చుకున్నాడు. పొడి తువ్వాలుతో పెట్టె తుడిచాడు. మిగిలిన చోటంతా జనం ఉన్నారు, ఖాళీగా ఉన్నది చాపే, వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. ఆ చోటుకి ఉన్న పద్ధతి అతనికి ఎవరూ చెప్పలేదు. స్పీకరు వెనక పరిగెత్తే మమ్మల్ని మాత్రమే చూసిన మనిషికి, మేము పెట్టెతో కలిసి పాడుతున్నామనే అనిపించింది గానీ, తిరిగి పాడుతున్నామని తెలిసే అవకాశమే లేదు.

తీగలు సవరించుకుని, కళ్ళు మూసుకుని, మొదటి లైను పాడాడు.

“కెస్కె తా మాంజే, మోఁ గార్సోఁ...”

చాప మీద కూర్చున్నవాడు పాడాడు. ఇంకేం కావాలి? గుడి గుడంతా ఒక్క గొంతుతో అందుకుంది. “కెస్కె తా మాంజే, మోఁ గార్సోఁ.” ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, పులిహోర కోసం వచ్చినవాళ్ళు, అందరూ. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఇదేం భాష అనుకోలేదు. నేనూ పాడేశాను. నోట్లోంచి వచ్చాక గానీ ఏం పాడానో తెలియలేదు.

మరిది చెయ్యి గిటారు మీద ఆగిపోయింది. కళ్ళు తెరిచాడు. మొహమంతా కందిపోయింది. మేము వెక్కిరిస్తున్నామనుకున్నాడు. తన ఊళ్ళో వెక్కిరించారు, ఇప్పుడు ఇక్కడ కూడా, అదీ దేవుడి ముందు. మా చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపు నేను చూడలేకపోయాను. మా చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని తల వంచుకుంది.

అయ్య ఎడం చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంచి, మా అందరినీ ఒక చుట్టు చూసి, తరవాత మరిది వైపు తిరిగి చెయ్యి ముందుకి ఊపాడు. కానీయ్ అని.

రెండో లైను భయం భయంగా పాడాడు. గుడి అంతా తిరిగి పాడింది. మూడో లైను పాడి, ఈసారి తనే ఆగాడు. చెవి రిక్కించి విన్నాడు. జనం పాడటం అయ్యేదాకా గిటారుని చిన్నగా మీటుతూ కూర్చున్నాడు. నాలుగో లైనుకి మా ఆయన మృదంగం మీద చెయ్యి వేశాడు. గుర్రం నడకలా సాగే ఆ అమెరికా బాణీకి మా భజన దెబ్బ ఎలా అతికిందో ఆ రాముడికే తెలియాలి. ఒక ముసలాయన తాళాలు అందుకున్నాడు. పలుకులు చెప్పుకోకపోవడమే మంచిది, ఒక్కరి నోట్లో కూడా ఫ్రెంచి ఫ్రెంచిలా లేదు. అయినా మరిది నవ్వుతున్నాడు, నవ్వుతూ ఏడుస్తున్నాడు. అతని పాటలోని ప్రతి ముక్కా అంతమంది నోళ్ళలోంచి తిరిగి రావడం అతను జన్మలో వినలేదు. ఎంత పెద్ద ఊళ్ళో పాడినా చివర చప్పట్లు కొడతారు గానీ ఇలా పాట తిరిగి చేతికివ్వరు. నాకు గర్వంతో గుండె నిండిపోయింది. మా జనం మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

పాట అయిపోయాక వరసలో పెద్దదైన మా పెద్దమ్మ లేచింది. అయ్యకి వదిన వరస. నోరు పెద్దది.

“బాగుంది గానీ, ఏటి పాడినాం మనం? రాముడి పేరు ఒక్కపాలీ ఇనపడనేదు. దేవుడి ముందర ఏదేదో పాడించీసినావేటి బాబూ?”

మరిది సగం ఇంగ్లీషులో, సగం అయ్య తెలుగులో చెప్పాడు. తడబడిన చోట నేను అందుకున్నాను. ఆ పాట వాళ్ళ నాన్న మీద. లారీ తీసుకుని దూరం వెళ్ళినప్పుడు మంచులో రోడ్డు పక్కన ఆగి ఇంటికి ఫోను చేసేవాడు. కొడుకుతో ఏం మాట్లాడాలో తెలియక ఒకటే అడిగేవాడు. ఏం తిన్నావురా అబ్బాయీ అని. మేము పాడిన మొదటి లైను అదే. ఇతను విసుక్కుని ఏదో ఒకటి చెప్పి పెట్టేసేవాడు. ఇప్పుడు తండ్రి లేడు. తను దూర దేశాల్లో తిరుగుతూ ఫోను చేతిలో పట్టుకుంటే, ఆ ఒక్క మాట అడిగేవాళ్ళు లేరు.

 పెద్దమ్మ ముక్కు చీదుకుంది.

“రాముడు అడవికి ఎల్లిపోతే దశరథుడు ఏటని ఏడిసినాడు? నా బిడ్డ ఏటి తింటన్నాడో అనే గదా? రాముడి పాటే ఇది. ఎవులూ ఏటీ అనకండి.” తరవాత పులిహోర గిన్నె దగ్గరికి వెళ్ళి, ఇంత పెద్ద ముద్ద తీసి, మరిది చేతిలో పెట్టింది. “తిను ముందర. కెసియాన్ లా, ఎప్పుడు తిన్నాడో ఏటో.”

కెసియాన్ అంటే మలాయిలో అయ్యో పాపం అని. మరిది ఆ ముద్ద మొత్తం తిన్నాడు. పచ్చిమిరపకాయ కొరికి కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటే, అందరూ అది కారం వల్లే అన్నట్టు మర్యాదగా చూశారు.

గిటారు క్లాంగ్ వెళ్ళలేదు. ఆ అమ్మాయికి వేరే గిటారు వెతికి ఇప్పించాడు. బడిలో ఫ్రెంచి చెప్తూనే ఉన్నాడు, ఆ ఉద్యోగం అతనికి బాగానే నచ్చింది. శనివారాల్లో మాత్రం భజన మొదట్లో గిటారుతో చాప పక్కన కూర్చుంటాడు, చాప మీద కాదు. పద్ధతి తెలిశాక, అయ్య మళ్ళీ చెప్తేనే అక్కడ కూర్చుంటానంటాడు. అయ్య కట్టిన రాముడి పాటలు ముద్దముద్దగా నేర్చుకుని ముందు అతనే పాడతాడు. కుర్రవాళ్ళు నవ్వుతారు, నవ్వుతూనే తిరిగి పాడతారు. ఇతనికే వచ్చినప్పుడు మాకు రాదా అనే రోషం కూడా వాళ్ళలో కాస్త కనిపిస్తోంది. భజన చివర ఒక్కటి తన పాట. గుడి వాళ్ళు ఎవరూ అడ్డు చెప్పలేదు, చెప్తే పెద్దమ్మ ఊరుకోదు.

మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఆ తరవాత కొన్నాళ్ళకి కౌలాలంపూర్‌లో ఒక గదిలో కూర్చుని కొత్త పాటలతోపాటు వాళ్ళ నాన్న మీది పాట కూడా రికార్డు చేయించాడు. అక్కడ రికార్డు చేసే ఆయనతో ఒక గొడవ అయిందట. లైనుకీ లైనుకీ మధ్య ఇంత ఖాళీ ఎందుకు, గిటారు ఊరికే నడుస్తోంది, గొంతు లేదు, విన్నవాళ్ళు పాట చెడిపోయిందనుకుంటారు, కత్తిరించేస్తాను అన్నాడట ఆయన. మరిది ససేమిరా అన్నాడు. పాటలు తన దేశం పంపిస్తే అక్కడి స్నేహితులూ అదే అడిగారట, మధ్యలో నీ గొంతు ఎక్కడికి పోయింది అని.

పాట చేతికొచ్చిన రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ముందు గదిలో కూర్చున్నాం. అయ్య కుర్చీలో, మా ఆయనా నేనూ నేల మీద, మా చెల్లెలు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. మా ఆయన బాగు చేయించిన ఆ నల్ల స్పీకరే తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాన్ని చూడగానే అయ్య మొహం చిట్లించుకున్నాడు. ఆ పెట్టెతో ఆయనకి పాత పగ.

మరిది గొంతు వచ్చింది. “కెస్కె తా మాంజే, మోఁ గార్సోఁ...” తరవాత గొంతు లేదు. గిటారు మాత్రం మెల్లగా నడుస్తోంది.

అయ్య తల ఎత్తాడు. స్పీకరుకేసి చూశాడు, మరిదికేసి చూశాడు.

“ఆగింది,” అన్నాడు. “పెట్టె ఆగిందే.” ఆ మాట అంటుండగానే రెండో లైను వచ్చేసింది. ఆయనకి పట్టరాని కోపం వచ్చింది, పెట్టె మీద కాదు, తను ఆలస్యం చేసినందుకు. “మళ్ళా ఎయ్యి. మొదట్నుంచి ఎయ్యి.”

మళ్ళీ మొదటినుంచి వేశాడు మరిది. ఈసారి ఖాళీ రాగానే అయ్య ఎడం చెయ్యి పైకెత్తాడు. పక్షవాతం వచ్చిన దగ్గరనుంచి పాడని మనిషి, వంకర పోయిన నోటితో, గరగరలాడే గొంతుతో ఆ లైను తిరిగి పాడాడు. మా ఆయన పాడాడు, నేను పాడాను. అయ్య చెయ్యి దించలేదు. మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాడు. మా చెల్లెలి నోరు మూసుకునే ఉంది. ఆ రోజు గుడిలోనూ అది పాడలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పెట్టె ఎంత ఆగినా అంతసేపు ఆగదు. అది రెండో లైనుకి వెళ్ళబోతుంటే మరిది చెయ్యి చాచి దాన్ని ఆపేశాడు. చెల్లెలికేసి తిరిగాడు. దాన్నే చూస్తూ, అచ్చం అయ్యలాగే, అదే లైను తన గొంతుతో మళ్ళీ పాడాడు.

పాడి ఆగాడు. మా చెల్లెలు కళ్ళు తుడుచుకుని, ఆ లైను తిరిగి పాడింది.